చూడని పుస్తకాలు, కలవని మనుషులు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది. "ఆంటీ, నాకు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. థీసిస్‌ల రిఫరెన్సులు చూసే సీటంట. మీరు ముప్పయ్యేళ్లు అదే చేశారట కదా, నాలుగు మాటలు చెప్పండి" అంది. "మంచి కళ్లజోడు కొనుక్కో. నెలకోసారి బీపీ చూపించుకో" అన్నాను. పిల్ల పకపకా నవ్వింది. నేను సరదాకి అనలేదు. ఇంటికొచ్చాక పాపం అనిపించి కాగితాలు ముందేసుకున్నాను.

నేను పనిచేసింది ఉమ్మడి రాష్ట్రంలో, సికింద్రాబాదులోని ఒక పరిశోధనా కేంద్రంలో. పేరు అనవసరం. మాది గుంటూరు వైపు. నాన్నగారు తిరుమలగిరిలో మిషన్ స్కూలు టీచరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను ఎప్పుడు ఏ గ్రేడులో ఉన్నానో, ఎవరు సన్మానం చేశారో ఇందులో రాయను. పని ఏమిటో, ఆ పనిలో నేను ఎక్కడ బొక్కబోర్లా పడ్డానో రాస్తాను.

మధ్యలో ఎక్కడో ఉంటది మేడమ్

మా దగ్గర ఒక నియమం ఉండేది. ఏ విద్యార్థయినా థీసిస్ సమర్పించే ముందు దాని చివరనున్న రిఫరెన్సుల జాబితా, కింద ఇచ్చిన ఫుట్‌నోట్లు లైబ్రరీ వాళ్లు సరిచూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం నాది.

రిఫరెన్సు అంటే బ్రహ్మవిద్య కాదు. ఈ మాట ఎవరన్నారు, ఏ పుస్తకంలో, ఏ పేజీలో? అంతే. అనుమానం వచ్చినవాడు వెళ్లి అదే పేజీ తెరిస్తే అదే మాట కనబడాలి. పొరుగింటి నుంచి గరిట అరువు తెచ్చుకుంటే ఎవరిదో గుర్తుపెట్టుకుంటాం. ఆలోచన తెచ్చుకుంటే మాత్రం ఎవరికీ గుర్తుండదు. ఇంత చిన్న సంగతికి ముప్పయ్యేళ్లు గొంతు చించుకున్నాను.

"ఈ పుస్తకం చూశావా నాయనా?"

"చూసిన మేడమ్."

"ఎక్కడ?"

"పాత థీసిస్‌ల ఉండె మేడమ్."

"పాత థీసిస్ చూశావు. పుస్తకం చూశావా?"

"రెండు ఒకటే గద మేడమ్."

"సరే. పేజీ నంబరేది?"

"మధ్యలో ఎక్కడో ఉంటది మేడమ్."

రోజుకు నాలుగుసార్లు ఇదే సంభాషణ. ఒకతను పుస్తకం అట్ట లోపల బైండింగు చేసినవాడి స్టాంపు చూసి, ఆ బైండరునే ప్రచురణకర్తగా రాసేశాడు. అది కూడా ఒక్క పుస్తకానికి కాదు, తొమ్మిది పుస్తకాలకు. ఇంకొకావిడ తనకు నచ్చిన వాక్యాలన్నిటికీ రచయిత పేరు పెట్టి, నచ్చనివాటికి వదిలేసింది. ఎందుకమ్మా అంటే "వాళ్ల పరువు పోతుందని మేడమ్" అంది. గైడులు ఇంకో రకం. "అబ్బాయికి పెళ్లి కుదిరింది, కొంచెం చూసీ చూడనట్టు పోనివ్వండి" అని చీటీలు పంపేవాళ్లు. పెళ్లికీ పేజీ నంబరుకూ ఏమిటి సంబంధం? నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

రంగారావు గారి పరీక్ష

నేను చేరినప్పుడు మా చీఫ్ లైబ్రేరియన్ రంగారావు గారు. తాతల కాలం నుంచి సికింద్రాబాదు మనుషులు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. చేరిన మొదటి నెలలో నా చేతికొక చీటీ ఇచ్చి, "ఎస్తేరమ్మా, ఈ వ్యాసం తెచ్చిపెట్టు. మన దగ్గర నాలుగు థీసిస్‌లలో దీన్ని ఉదహరించారు" అన్నారు.

ఎనిమిది రోజులు వెతికాను. మా లైబ్రరీలో లేదు. ఊళ్లో మిగతా లైబ్రరీలకు వెళ్లాను. చివరికి ఆ పత్రిక నడిపిన వాళ్లకే ఉత్తరం రాశాను. ప్రెస్సు మూతబడి ఆ ఏడాది పత్రికే రాలేదని జవాబొచ్చింది.

ఆ జవాబు రంగారావు గారి బల్లమీద పెట్టాను. ఆయనకు ముందే తెలుసు!

"మొదటివాడు సంవత్సరం తప్పు రాశాడు. మిగతా ముగ్గురూ పేజీ నంబరుతో సహా ధైర్యంగా ఎక్కించారు. ఎవడి తప్పు పెద్దదంటావ్?"

"ముగ్గురిదేనండి."

"ఆ, అది తెలుసుకుంటే చాలు. ఇంక వెళ్లి పని చూసుకో."

ఎనిమిది రోజులు నన్ను తిప్పినందుకు నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పాఠం ఒంటబట్టింది. ఎంతగా ఒంటబట్టిందంటే, ఆ తరవాత ప్రతి విద్యార్థినీ దొంగగానే చూడటం మొదలుపెట్టాను. రంగారావు గారు నేర్పింది అది కాదు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా ఒక కుర్రాడు దాదాపు బలైపోయాడు.

ఖాసిం, బి.

ఆ కుర్రాడి పేరు యాదగిరి. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్. మౌలాలి రైల్వే క్వార్టర్లలో పెరిగాడు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కినవాడు అతనొక్కడే. సన్నగా, తల వంచుకుని నడిచేవాడు. రీడింగు రూములో గోడవైపు కుర్చీలో కూర్చుంటే సాయంత్రం బెల్లు కొట్టేదాకా లేచేవాడు కాదు.

అతను ఎంచుకున్న విషయం కొత్తది. కుళాయిలు రాకముందు కంటోన్మెంటు బంగళాలకు నీళ్లు ఎలా వెళ్లేవి, తోలుసంచుల్లో నీళ్లు మోసిన భిస్తీలు ఎవరు, వాళ్లేమయ్యారు అని. ఆధారాలు రెండు రకాలు. ఒకటి మా లైబ్రరీలో ఉన్న పాత నివేదికలు. అవి బయటికి ఇవ్వం. అక్కడే కూర్చుని, రిజిస్టరులో సంతకం పెట్టి చూడాలి. రెండోది ఖాసింబీ. మౌలాలి గుట్ట కింద ఉండే ముసలావిడ. ఆమె తండ్రి తిరుమలగిరి బంగళాలకు నీళ్లు మోసిన మనిషి.

ఒకరోజు యాదగిరి తన రిఫరెన్సుల జాబితా చేత్తో రాసి తెచ్చాడు. అందులో "ఖాసింబీ, మౌలాలి, ఆమె ఇంట్లో మాట్లాడినది" అని ఉంది. నేను ఎర్రపెన్సిలు తీశాను.

"ఇదేం పద్ధతి? ఇంటిపేరు ముందు రావాలి. కామా. తరవాత పొడి అక్షరం."

"మేడమ్, బీ అంటే పొడి అక్షరం గాదు. ఆడోళ్ల పేరు ఎనక పెడ్తరు. ఖాసింబీ అంటేనే ఆమె పేరు."

"నాకు తెలీదా? జాబితా అంతా ఒక పద్ధతిలో ఉండాలి. ఒక్కరికోసం మార్చం. 'ఖాసిం, బి.' అని రాయి. ఇంకోటి, చాప్టరులో 'ఆమె చెప్పింది, ఆమె నవ్వింది' అని కథలా రాయకు. మాట కోట్ చెయ్, కింద ఫుట్‌నోట్ ఇవ్వు. చాలు."

అతను పెన్ను తీశాడు. నేను చెప్పినట్టే రాసుకుని వెళ్లాడు.

నెల తరవాత మూడో చాప్టరు సీతాఫల్‌మండిలో టైపు కొట్టించి తెచ్చాడు. ఇంగ్లీషులో. ఒక కాపీ గైడు గారికి ఇచ్చాడు, ఒక కార్బన్ కాపీ నాకు, ఇంకొకటి తను ఉంచుకున్నాడు. నేను సరిచూస్తుంటే ఒక తప్పు దొరికింది. ఒక పాత నివేదికకు 214వ పేజీ అని ఉంది. ఆ నివేదికలో అన్ని పేజీలే లేవు. నూట ఎనభై దాటదు. తీసి చూస్తే ఆ మాట 124లో ఉంది. టైపు కొట్టినాయన అంకెలు తారుమారు చేశాడు. నా నోటుబుక్కులో తేదీ వేసి, "214 కాదు, 124" అని రాసి, యాదగిరి చేత సంతకం పెట్టించాను. అతను తన కాపీలో దిద్దుకున్నాడు.

ఆ చాప్టరు నాకు నచ్చింది. అంత చక్కటి ఇంగ్లీషు మా విద్యార్థుల దగ్గర నేను చూడలేదు. ఆ మాట అతనితో మాత్రం అనలేదు. పొగిడితే చెడిపోతారని మా తరం నమ్మకం.

పదిమంది ముందు

థీసిస్ పూర్తయి బయటి పరీక్షకుడి దగ్గరికి వెళ్లింది. నాలుగు నెలలకు ఆయన ఉత్తరం వచ్చింది. మూడో చాప్టరు పూర్తిగా చౌర్యం అని. అది విద్యార్థి గైడు గారే రాసి ఒక పత్రికలో అచ్చువేసిన వ్యాసం, ఆయన పేరైనా చెప్పకుండా ఎత్తిరాశాడు, ఈ థీసిస్ తిరస్కరించాలి అని. పరీక్షకుడు ఆ వ్యాసం కాపీ కూడా జతచేశారు. ఆ పత్రిక మా లైబ్రరీకి రాదు కాబట్టి నేనది అప్పటిదాకా చూడలేదు.

డైరెక్టరు గారు రంగారావు గారికి చీటీ పంపారు. "రిఫరెన్సులు సరిచూసింది మీ లైబ్రరీయే. రెండూ పోల్చి రాతపూర్వకంగా చెప్పండి." అంటే నా సంతకం మీదికి వచ్చింది. వ్యాసం పైపైన చూశాను. వాక్యానికి వాక్యం అదే. అచ్చయిన తేదీ థీసిస్ కంటే ముందు. ఇంకేం చూడాలి?

రీడింగు రూములోకి వెళ్లాను. యాదగిరి తన కుర్చీలోనే ఉన్నాడు. చుట్టూ పదిమంది విద్యార్థులు.

"సిగ్గుందా నీకు? గురువుగారి వ్యాసం ఎత్తిరాసి, నా చేత సంతకం పెట్టిస్తావా?"

అతను లేచి నిలబడ్డాడు. "ఏ వ్యాసం మేడమ్?"

కాగితాలు అతని ముందు పడేశాను. తిరగేశాడు.

"ఇది నా చాప్టర్ మేడమ్. సార్‌కు ఇచ్చిన కాపీ…"

"ఆయన నీది కాజేశాడంటావా? నాలుగు ముక్కలు శుభ్రంగా పలకడం రాదు నీకు. ఈ ఇంగ్లీషు నువ్వు రాశావంటే ఎవరు నమ్ముతారు?"

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అయినా రాయాలి. అతని యాస విని, అతని చదువు ఇంతే అని నేను లోపల ఎప్పుడో తీర్మానించుకున్నాను. మా కోస్తా వాళ్లకు ఆ జబ్బుంది. నాకు లేదనుకునేదాన్ని.

యాదగిరి కాగితాలు సరిగ్గా మడిచి బల్లమీద పెట్టాడు. "మీరు సుత గిట్లనే అంటరా మేడమ్" అన్నాడు. గొంతు పెంచలేదు. సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

నూట ఎనభై పేజీల పుస్తకంలో 214

డైరెక్టరు గారికి రిపోర్టు రాయాలి కాబట్టి వ్యాసాన్ని, థీసిస్‌నూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చడానికి కూర్చున్నాను. ఏడో ఫుట్‌నోట్ దగ్గర పెన్సిలు ఆగిపోయింది. థీసిస్‌లో 124. గైడు గారి వ్యాసంలో 214.

పుస్తకం తెరిచినవాడెవడూ 214 అని రాయలేడు. ఆ పేజీయే లేదు. ఆ 214 ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది. సీతాఫల్‌మండిలో టైపయిన ఆ చాప్టరులో. నా కార్బన్ కాపీలో ఒకటి, గైడు గారికి ఇచ్చిన, ఎవరూ దిద్దని కాపీలో ఒకటి. నా నోటుబుక్కు తీశాను. నేను తప్పు పట్టిన తేదీ, వ్యాసం అచ్చుకావడానికి ఆరు నెలల ముందుది. నివేదికల రిజిస్టరు తీశాను. ఆ నివేదిక చూసినట్టు ఉన్న సంతకం యాదగిరిది ఒక్కటే. గైడు గారు ఎన్నడూ ఆ బల్ల దగ్గరికే రాలేదు.

అప్పుడు మిగతా వ్యాసం జాగ్రత్తగా చదివాను. ఖాసింబీ మాటలున్న చోట గైడు గారు సొంతంగా ఒక వాక్యం చేర్చారు. "ఈ రచయిత ఖాసిం గారిని స్వయంగా కలిశాడు. వయసు మీదపడినా ఆయన జ్ఞాపకశక్తి అమోఘం." ఆయన! ఇంగ్లీషులో 'హి' అని స్పష్టంగా ఉంది. నేను ఎర్రపెన్సిలుతో ఖాసింబీని "ఖాసిం, బి." చేశాను. గైడు గారు దాన్ని చూసి మగమనిషి అనుకున్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచి మంచినీళ్లు తాగాను. రంగారావు గారికి చూపించాను. ఆయన లవంగం నమలడం ఆపి రెండూ పోల్చి చూశారు.

"ముందు వెళ్లి ఆ పిల్లాణ్ని తీసుకురా ఎస్తేరమ్మా. నువ్వే తోలేశావు, నువ్వే తీసుకురావాలి."

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా బస్సెక్కి మౌలాలి వెళ్లాను. క్వార్టరు తలుపు యాదగిరే తీశాడు. లోపలికి రమ్మనలేదు. నేను గడపలోనే నిలబడి, జరిగిందంతా చెప్పి, "నాది తప్పు, క్షమించు" అన్నాను.

"పదిమందిల అన్నరు మేడమ్. ఇంటికొచ్చి ఒక్కడికి సారీ చెప్తున్నరు."

వెనక నుంచి వాళ్లమ్మ "ఎవర్రా? లోపలికి పిలువు. ఎండల నిలబెట్టినవేంది?" అంది. అప్పుడు పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, "ఖాసింబీ దగ్గరికి తీసుకెళ్తావా?" అని అడిగాను. చెప్పులేసుకున్నాడు.

ఖాసింబీ ఇంటిముందు చాప వేసుకుని బొంత కుడుతోంది. చిన్న మనిషి. ఒంటిమీద తెల్ల దుపట్టా. సూదిలో దారం యాదగిరి చేత ఎక్కించుకుంది, వచ్చిన పని అడక్కుండానే.

"అమ్మా, మీ నాన్నగారి సంగతులు అడగడానికి ఇతను కాక ఇంకెవరైనా వచ్చారా? సూటు వేసుకునే పెద్దాయన?"

"ఎవ్వలు రాలే. ఈ బేటా ఒక్కడే వచ్చిండు. ఎన్నిసార్లు వచ్చిండో లెక్కలేదు. దిమాగ్ తిన్నడు." యాదగిరి కేసి చూసి నవ్వింది. "ఏమైంది? పరేషాన్‌ల ఉన్నడు వీడు."

చెప్పాను. తనను మగవాణ్ని చేశారని విని ఆమె సూది పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. తరవాత నవ్వు పోయింది. "మా అబ్బా ముచ్చట నేను వీడికి చెప్పిన. వేరేటోడు నాకు చెప్పిండని ఎట్ల రాస్తడు?" అంది.

నేను ముప్పయ్యేళ్లు విద్యార్థులకు చెప్పడానికి ప్రయత్నించింది ఇదే. ఆమె ఒక్క వాక్యంలో అనేసింది.

డైరెక్టరు గదిలో

మంగళవారం సమావేశం పెట్టారు. డైరెక్టరు గారు, గైడు గారు, రంగారావు గారు, నేను. యాదగిరిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. గైడు గారు బాధపడుతున్నట్టు కనబడ్డారు. "కుర్రాడి భవిష్యత్తు పాడవడం నాకూ ఇష్టం లేదండీ. క్షమాపణ పత్రం రాసిస్తే మళ్లీ సమర్పించుకోనిద్దాం" అన్నారు.

నేను ముందు 214 గురించి అడిగాను.

"అచ్చుతప్పు అమ్మా. ప్రెస్సువాళ్లు చేసేదానికి నేనేం చెయ్యను?"

అది నిజం కావచ్చని డైరెక్టరు గారు తల ఊపారు. నా నోటుబుక్కు తెరిచి చూపించాను. "కాకతాళీయం" అన్నారు గైడు గారు. రిజిస్టరు చూపించాను. "మా విద్యార్థి నా కోసమే చూశాడు" అన్నారు. ప్రతిదానికీ ఒక జవాబుంది ఆయన దగ్గర. రంగారావు గారు కిటికీ వైపు చూస్తున్నారు.

"సార్, ఈ ఖాసిం గారిని మీరు స్వయంగా కలిశారా?"

"రాశాను కదమ్మా."

"మౌలాలిలోనే?"

"మౌలాలిలోనే. రెండుసార్లు వెళ్లాను."

"మనిషి ఎలా ఉంటారు?"

"ఎలా ఉంటారేమిటి? ముసలాయన. తెల్లగడ్డం, నెత్తిమీద టోపీ. చెవులు సరిగ్గా వినబడవు, గట్టిగా మాట్లాడాలి."

రంగారావు గారు కిటికీ మీంచి చూపు తిప్పారు.

"గడ్డం ఉందా సార్?"

"ఉందంటున్నాను కదా. ఇదేం ప్రశ్న?"

"ఖాసింబీ ఆడమనిషి సార్. మొన్న ఆదివారం ఆమెతో కూర్చుని వచ్చాను. చెవులు నాకంటే బాగా వినిపిస్తాయి. కావాలంటే ఇప్పుడే పిలిపిస్తాను. వస్తానంది."

గైడు గారు కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. డైరెక్టరు గారు ఆయన మొహం చూడకుండా బెల్లు నొక్కి, "నాలుగు టీలు పట్రా" అన్నారు.

న్యాయం జరిగిందనుకుంటున్నారా? వినండి. గైడు గారికి ఏమీ కాలేదు. మాట కూడా పడలేదు. పరీక్షకుడికి "విద్యార్థీ గైడూ కలిసి చేసిన పని, పేర్ల విషయంలో అపార్థం జరిగింది" అని ఉత్తరం పోయింది. వ్యాసం ఆయన పేరు మీదే ఉండిపోయింది. యాదగిరిని వేరే గైడుకు మార్చారు. థీసిస్ మళ్లీ పంపారు. ఒక ఏడాది అతని జీవితంలోంచి ఊరికే పోయింది. నన్ను "పని ఒత్తిడి తగ్గించడానికి" రెండేళ్లు కింది అంతస్తులో బైండింగు విభాగానికి పంపారు. గైడు గారు రిటైరైనప్పుడు పెద్ద సభ చేశారు. పరిశోధనా విలువల గురించి ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. నేను చివరి వరుసలో కూర్చుని కారబ్బూందీ తిన్నాను.

"ఇంతేనా రంగారావు గారూ?" అని అడిగాను, పరీక్షకుడికి ఆ ఉత్తరం పోయిన రోజు.

"కుర్రాడు మిగిలాడు కదా. నువ్వు అదీ పోగొట్టేదానివి" అన్నారాయన. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆయన అన్నది నిజం.

సమావేశం మర్నాడు యాదగిరి రీడింగు రూముకు వచ్చాడు. అందరూ ఉండేవేళ చూసుకుని నేను వెళ్లి అతని బల్ల ముందు నిలబడ్డాను. "ఈ అబ్బాయిని నేను దొంగ అన్నాను. అతను దొంగ కాదు. చూడకుండా మాట్లాడినదాన్ని నేను" అన్నాను. యాదగిరి లేచి, పక్క కుర్చీ లాగి, "కూసోండ్రి మేడమ్" అన్నాడు. నేను కూర్చున్నాను.

కొత్తవాళ్లకు

అమ్మాయీ, నీకు నేను చెప్పగలిగేవి పెద్దగా లేవు. కామా ఎక్కడ పెట్టాలో పుస్తకాల్లో ఉంటుంది, ఏటేటా మారుస్తుంటారు, చూసి నేర్చుకో. తప్పు కనబడితే తేదీ వేసి రాసిపెట్టు. ఎవరిని అనుమానించినా చివరి ఫుట్‌నోట్ దాకా చదివాకే నోరు తెరువు. పెద్దవాళ్లు తప్పు చెయ్యరనీ, యాస ఉన్నవాడు రాయలేడనీ నీకు ఎవరూ చెప్పరు. అవి వాటంతటవే లోపల చేరతాయి, చూసుకో. బతికున్న మనిషిని ఇంటిపేరు, కామా, పొడి అక్షరంలో ఇరికించకు. నియమం పట్టకపోతే నియమం పక్కన ఒక వాక్యం రాయి. ఎవరైనా అరిస్తే నా పేరు చెప్పు.

యాదగిరి థీసిస్ ఆమోదం పొందింది. బైండు చేసిన కాపీ ఒకటి మా లైబ్రరీకి ఇచ్చి, ఇంకొకటి పట్టుకుని "ఖాసింబీ దగ్గరికి పోతున్న, వస్తరా?" అని అడిగాడు. ఇద్దరం వెళ్లాం. ఆమె ఆ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని బంగారు అక్షరాలు వేలితో తడిమింది. "నేనేడ ఉన్న?" అంది. యాదగిరి మూడో చాప్టరు తీసి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పడం షురూ చేశాడు. ఖాసింబీ కళ్లు మూసుకుని వింది. తండ్రి పొద్దున్నే బావి దగ్గరికి పోవడం, మశక్, అదే ఆ తోలుసంచి, భుజానికి తగిలించుకోవడం, వర్షంలో కాలు జారి పడ్డం. ఒకచోట చెయ్యి ఎత్తి ఆపింది.

"నీళ్లు మా అబ్బా ఒక్కడే మోసిండని రాసినవా?"

"అవును. మీరు గట్లనే చెప్పిన్రు గద."

"మా అమ్మ సుత మోసింది. మేమ్‌సాబుల గదులల్లకు మగోళ్లను పోనియ్యరు. ఆడికి నీళ్లు మా అమ్మనే కొంటవోయేది, కుండల. కడుపుతోని ఉన్నప్పుడు సుత పోయింది."

యాదగిరి పుస్తకం మీంచి తలెత్తాడు. "మరి నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలే బేటా. మీ అబ్బా ఏం చేసెటోడు అని అడిగినవ్. చెప్పిన."

అతను నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను. అన్ని ఫుట్‌నోట్లు సరిచూశాం ఇద్దరం, ఒక్కటీ వదల్లేదు. యాదగిరి జేబులోంచి పెన్ను తీసి ఆ పేజీ పక్కన ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు. "మీ అమ్మ పేరేంది?" అని అడిగాడు.

"జైనబ్."

మర్నాడు పొద్దున లైబ్రరీ తెరవగానే కింది అంతస్తు నుంచి పైకి వెళ్లి, మా కాపీ అలమారలోంచి దింపి, అదే పేజీ అంచున జైనబ్ గురించి అతను రాసింది, నా నోటుబుక్కులో దించుకొచ్చినదంతా, సిరాతో ఎక్కించాను. చెప్పింది ఖాసింబీ, విన్నది మేమిద్దరం అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. అప్పుడే వచ్చిన రంగారావు గారు అది చూసి, చదివి, కింద తన సంతకం కూడా చేశారు.